ఇల్లా, ఆఫీసా: ఒక పింగ్‌పాంగ్ బంతితో మొదలైన లెక్క

పీహెచ్‌డీ విద్యార్థులకు అన్నిటికన్నా పెద్ద కష్టం డేటా. ఏ కంపెనీ తలుపు తట్టినా హెచ్‌ఆర్ వాళ్లు "చూద్దాం" అంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి చేరిన జేమ్స్ లియాంగ్‌కు మాత్రం ఆ బాధ లేదు. కంపెనీ ఆయనదే మరి. 1999లో షాంఘైలో ఇంకొందరితో కలిసి ఆయన మొదలుపెట్టిన సీట్రిప్ అప్పటికే చైనాలో పేరు మోసిన ట్రావెల్ సంస్థ. 2003లోనే అమెరికాలో నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది, ఉద్యోగులు దాదాపు 16 వేలు. ఆ కంపెనీ ఛైర్మన్ నలభై ఏళ్ల వయసులో పీహెచ్‌డీ కుర్రాళ్ల మధ్య కూర్చుని నికొలస్ బ్లూమ్ అనే ప్రొఫెసర్ పాఠం వినేవారు. మేనేజ్‌మెంట్ పద్ధతులకూ ఉత్పాదకతకూ ఉన్న సంబంధం మీద పనిచేసే ఆర్థికవేత్త బ్లూమ్.

ఈ ఇద్దరి పరిచయం నుంచి పుట్టిన పరిశోధనే ఇవాళ ఇంటి నుంచి పని గురించి ఎవరు వాదించినా మొదట ఎత్తే లెక్క. "ఇంట్లో ఉంటే 13 శాతం ఎక్కువ పని" అన్న వాక్యం వాట్సాప్ ఫార్వర్డుల్లో కూడా తిరిగింది. ఆ 13 లోపల ఏముందన్నది మాత్రం ఎక్కువమందికి చేరలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

సీట్రిప్‌కి రెండు తలనొప్పులు. షాంఘైలో ఆఫీసు అద్దెలు ఏటా పెరుగుతున్నాయి. రెండోది, కాల్ సెంటర్‌లో ఏడాది తిరిగేసరికి ఇంచుమించు సగం మంది మానేస్తున్నారు. కొత్తవాళ్లను వెతకాలి, నేర్పాలి, వాళ్లు చేయి తిరిగేసరికి మళ్లీ మానేస్తారు. ఇంటి నుంచి పని చేయనిస్తే రెండూ తీరతాయేమోనని ఆలోచన. కానీ ఇంట్లో ఉన్నవాడు టీవీ చూస్తూ కూర్చోడన్న నమ్మకం ఏమిటి? మేనేజర్ల భయం అదే.

మామూలుగా అయితే ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? అడిగినవాళ్లకు ఇస్తుంది, ఆరు నెలల తర్వాత ఇంట్లో ఉన్నవాళ్ల పనినీ ఆఫీసులో ఉన్నవాళ్ల పనినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆ పోలిక దేనికీ పనికిరాదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ ట్రాఫిక్‌లో నలిగే మనిషి ఇల్లు అడుగుతాడు. ఇంట్లో చంటిపిల్ల ఉన్న తల్లి అడుగుతుంది. పని తప్పించుకోవాలనుకునేవాడూ అడుగుతాడు. ఆఫీసు కబుర్లు గిట్టని పనిరాక్షసుడు కూడా అడుగుతాడు. చివరికి వచ్చే తేడా ఇంటి వల్ల వచ్చిందా, ఇల్లు కోరుకున్న మనుషుల వల్ల వచ్చిందా? విడదీయడానికి దారే ఉండదు. అర్థశాస్త్రంలో దీన్ని ఎంపిక సమస్య అంటారు. ఈ వ్యాసంలో ఇక ముందు వచ్చే ప్రతి అంకెనూ తిప్పేది ఇదే.

అందుకని చీటీ తీశారు. విమాన టికెట్లు, హోటల్ బుకింగ్ విభాగాల్లో ఉన్న 996 మందిని అడిగితే 503 మంది ఇంటి నుంచి చేస్తామన్నారు. సగం మంది అసలు వద్దన్నారని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఒప్పుకున్నవాళ్లలో కనీసం ఆరు నెలల సర్వీసు, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, పనికి విడిగా ఒక గది ఉన్నవాళ్లు 249 మంది తేలారు. లియాంగ్ అందరి ముందూ పింగ్‌పాంగ్ బంతి ఒకటి బయటికి తీశారు. దాని మీద సరి సంఖ్య అని వచ్చింది. పుట్టినరోజు సరి తేదీన ఉన్న 131 మంది ఇంటికి, బేసి తేదీన పుట్టిన 118 మంది ఎప్పట్లాగే ఆఫీసుకి. 2010 డిసెంబర్ నుంచి తొమ్మిది నెలలు ఇలా నడిచింది. వారానికి నాలుగు రోజులు ఇల్లు, అయిదో రోజు అందరూ ఆఫీసు. కంప్యూటర్లూ, కాల్స్ వచ్చే పద్ధతీ, మేనేజర్లూ అందరికీ ఒకటే. మారింది కూర్చున్న చోటు మాత్రమే. సరి తేదీన పుట్టినవాళ్లు బేసి తేదీ వాళ్లకన్నా కష్టజీవులని జ్యోతిష్కులు కూడా అనరు కాబట్టి, తేడా అంటూ వస్తే అది చోటు వల్లే.

తేడా వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఇందులో 9 శాతం ఒక్కో షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల వచ్చింది. విరామాలు తగ్గాయి, ఒంట్లో బాగాలేదని పెట్టే లీవులు తగ్గాయి. మిగతా 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ మాట్లాడటం వల్ల. చుట్టూ గోల లేకపోవడమే దానికి కారణమని ఉద్యోగులు చెప్పారు. పని నాణ్యత ఎక్కడా పడిపోలేదు. ఆఫీసులో మిగిలిపోయినవాళ్లు అలిగి పని తగ్గించారేమో, అందువల్ల తేడా పెద్దగా కనిపిస్తోందేమో అన్న అనుమానం కూడా పరిశోధకులకు రాకపోలేదు. నాన్‌టోంగ్ ఊళ్లో ఉన్న కంపెనీ మరో కాల్ సెంటర్‌తో పోల్చి చూశారు. అలాంటిదేమీ లేదని తేలింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఉత్పాదకత అంటే గంటకు ఎంత పని జరిగింది అనేది. ఆ లెక్కన ఇంటి గొప్పతనం 4 శాతమే. మిగిలిన 9 శాతం మనిషి ఎక్కువసేపు కుర్చీకి అతుక్కుపోవడం. కంపెనీ కళ్లతో చూస్తే రెండూ లాభమే, జీతంలో కొంత భాగం పనితీరును బట్టి ఉండేది కాబట్టి ఉద్యోగికీ ఎంతో కొంత ముట్టింది. అయినా జ్వరం వచ్చిన రోజు కూడా ఇంట్లోనే ఉన్నాం కదా అని లాగిన్ అయిపోవడాన్ని ఉత్పాదకత పద్దులో జమ కట్టొచ్చా? లాక్‌డౌన్ రోజుల్లో రాత్రి పదింటికి కూడా ల్యాప్‌టాప్ మూయని వాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. "13 శాతం" అని చెప్పుకునేవాళ్లు దీని జోలికి రారు.

కంపెనీకి అసలు లాభం మరో చోట వచ్చింది. ఇంటికి వెళ్లినవాళ్లలో మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అద్దె, కొత్తవాళ్ల శిక్షణ, పెరిగిన పని అన్నీ కలిపితే ఒక్కో ఉద్యోగి మీద ఏడాదికి సుమారు 2,000 డాలర్లు, అప్పటి మారకం రేటులో 90 వేల రూపాయల పైమాటే, మిగులుతుందని కంపెనీ లెక్కేసుకుంది. ఉద్యోగి వైపు నుంచి ఒక నష్టం కూడా బయటపడింది. పనితీరు సమానంగా ఉన్నా ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్ వచ్చే అవకాశం తగ్గింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. అసలు పంక్తిలోనే లేనివాడి విస్తరి ఎవరికి గుర్తుంటుంది?

తొమ్మిది నెలలు గడిచాక సీట్రిప్ అందరికీ స్వేచ్ఛ ఇచ్చింది, ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ. ప్రయోగంలో ఉన్నవాళ్లలో సగానికి పైగా మనసు మార్చుకున్నారు. వీళ్లంతా మొదట ఇల్లే కావాలని చేతులెత్తినవాళ్లు! ఒంటరితనం భరించలేకపోయామని చాలామంది చెప్పారు. ఇంట్లో పని సాగనివాళ్లు ఎక్కువగా వెనక్కి వచ్చారు, సాగినవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఫలితంగా ఇంటి పని లాభం 13 నుంచి 22 శాతానికి చేరింది. 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయిన ఈ పరిశోధనలో అందరూ 13 దగ్గర ఆగిపోతారు కానీ, 22 ఇంకా పెద్ద విషయం చెబుతుంది. మనకు ఏది పడుతుందో చేసి చూస్తే తప్ప మనకే తెలియదు. ముందు అడిగితే చెప్పే జవాబుకీ, తొమ్మిది నెలలు అనుభవించాక చెప్పే జవాబుకీ ఇంత దూరం ఉన్నప్పుడు, హెచ్‌ఆర్ వాళ్లు గూగుల్ ఫారమ్‌లో చేసే సర్వేలకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించుకోవచ్చు.

కోవిడ్ వచ్చాక ఈ రంగంలో పరిశోధనలు వెల్లువెత్తాయి. వాటిలో ఒకటి అప్పట్లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న నటాలియా ఇమాన్యుయేల్, ఎమ్మా హారింగ్టన్‌లది. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ కాల్ సెంటర్ రికార్డులు వాళ్ల చేతికొచ్చాయి. అందులో కొందరు కోవిడ్‌కి ముందు నుంచే ఇంటి నుంచి చేసేవాళ్లు, మిగతావాళ్లను లాక్‌డౌన్ ఇంటికి పంపింది. మొదట బయటపెట్టిన ముసాయిదాలో ఇంటికి మారినవాళ్ల పని 8 శాతం దాకా పెరిగిందని ఉంది. పత్రికలు పండగ చేసుకున్నాయి. తర్వాత ఎవరు ఏ వేళ డ్యూటీలో ఉన్నారో చూపే మరింత కచ్చితమైన షెడ్యూళ్లు దొరికాయి. మళ్లీ లెక్క కడితే గుర్తే మారిపోయింది: 8 శాతం పెరుగుదల కాదు, 4 శాతం తగ్గుదల. కాల్స్ నాణ్యత, ప్రమోషన్లు కూడా తగ్గాయి. తమ పాత అంకెను తామే కొట్టేసి కొత్తది రాసుకోవడానికి కెరీర్ మొదట్లో ఉన్న పరిశోధకులకు చాలా ధైర్యం కావాలి. పాత 8 శాతాన్ని చూపి పాలసీలు రాసుకున్న కంపెనీలు ఎన్ని వాటిని తిరగరాసి ఉంటాయి?

వాళ్లు తేల్చిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. అందరూ ఇంట్లోనే ఉన్న రోజుల్లో కూడా, ముందు నుంచీ ఇంటి పనినే ఎంచుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా గంటకు 8 శాతం తక్కువ కాల్స్ తీసుకున్నారు. అంటే ఆ కంపెనీలో ఇంటి ఉద్యోగానికి వచ్చి చేరిన మనుషులే కాస్త నెమ్మది. ఎంపిక సమస్య ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా కనబడదు.

ఇప్పుడు మన పక్కకి వద్దాం. చెన్నైలో డేటా ఎంట్రీ పని మీద డేవిడ్ ఆట్కిన్, ఆంట్వానెట్ షోర్, సుమిత్ షిండే ఒక ప్రయోగం చేశారు. ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లను ముందే అడిగారు: మీకు ఇల్లు ఇష్టమా, ఆఫీసు ఇష్టమా? తర్వాత ఆ ఇష్టంతో సంబంధం లేకుండా లాటరీ పద్ధతిలో కొందరిని ఇంటికి, కొందరిని ఆఫీసుకి వేశారు. ఇంటికి పడినవాళ్ల పని 18 శాతం తక్కువ. ఈ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజు నుంచే ఉంది, మిగతాది ఆఫీసులో ఉన్నవాళ్లు త్వరగా పని నేర్చుకోవడం వల్ల తర్వాత పెరిగింది.

షాంఘైలో 13 ఎక్కువ, చెన్నైలో 18 తక్కువ. ఏది నిజం? రెండూ నిజమే. షాంఘైలో ఇంటికి వెళ్లినవాళ్లు తామే అడిగినవాళ్లు, పని బాగా వచ్చినవాళ్లు, తలుపు వేసుకోవడానికి గది ఉన్నవాళ్లు, వారానికి ఒకసారి ఆఫీసు ముఖం చూసేవాళ్లు. చెన్నైలో కొత్తగా చేరినవాళ్లు, ఇష్టం ఉన్నా లేకపోయినా చీటీ ప్రకారం వెళ్లినవాళ్లు. సీట్రిప్ లాభంలో పెద్ద వాటా ఎక్కువ నిమిషాల నుంచి వచ్చింది, చెన్నైలో కొలిచింది తప్పులు లేకుండా ఎంత వేగంగా టైప్ చేశారన్నది. పిండి కొద్దీ రొట్టె.

చెన్నై లెక్కల్లో మనసును పట్టేసేది మరొకటి ఉంది. ఇల్లు కావాలని చెప్పినవాళ్లు మొదటి పరీక్షలో మిగతావాళ్లకన్నా 12 శాతం వేగంగా, తక్కువ తప్పులతో టైప్ చేశారు. అమెరికా కాల్ సెంటర్‌కి ఇది పూర్తిగా తిరగబడ్డ బొమ్మ. అక్కడ ఇల్లు ఎంచుకున్నవాళ్లు నెమ్మది, ఇక్కడ ఇల్లు కోరుకున్నవాళ్లే చురుకు. కానీ ఇంటికి వెళ్లాక వీళ్లు ఆఫీసులో చేయగలిగినదాని కన్నా 27 శాతం తగ్గిపోయారు. ఆఫీసు ఇష్టమన్నవాళ్లను ఇంటికి పంపితే తగ్గింది 13 శాతమే. ఇల్లు ఎవరికి ఎక్కువ నష్టం చేస్తుందో వాళ్లే ఇల్లు కోరుకున్నారు! తెలివితక్కువతనమా? కాదు. వాళ్లలో పిల్లలను, పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాళ్లు, బీద కుటుంబాల వాళ్లు ఎక్కువ. ఇల్లు వదిలి రాలేరు కాబట్టి ఇల్లు అడిగారు. ఏ బాధ్యత వాళ్లను బయటకు రానివ్వలేదో అదే వాళ్లను ఇంట్లో పని చేసుకోనివ్వలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే కీబోర్డు మీద చెయ్యి నిలవదు. ఉత్పాదకత అంకెలు మాత్రమే చూసే మేనేజర్‌కి ఇలా ఇల్లు అడిగిన తల్లి 27 శాతం తగ్గిన ఉద్యోగి. పరీక్ష రోజు అందరికన్నా ముందున్నది కూడా ఈమేనని గుర్తుండదు.

సాఫ్ట్‌వేర్ సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే కాల్స్ లెక్కపెట్టినంత తేలికగా కోడ్‌ని లెక్కపెట్టలేం. ఇమాన్యుయేల్, హారింగ్టన్‌లే అమాండా పాలే అనే ఆర్థికవేత్తతో కలిసి ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్లను పరిశీలించారు. టీమ్ అంతా ఒకే బిల్డింగ్‌లో కూర్చుంటే ఒకరి కోడ్ మీద ఒకరు ఇచ్చే సలహాలు పెరుగుతాయి. ఆ లాభం ఎక్కువగా జూనియర్లకు, అందులోనూ ఆడపిల్లలకు. సీనియర్ల సొంత కోడ్ మాత్రం తగ్గుతుంది, నేర్పడానికి టైమ్ పోతుంది కదా. అంటే ఇవాళ్టి డెలివరీ లెక్క చూస్తే ఇల్లు మేలు, మూడేళ్ల తర్వాత టీమ్‌లో ఎవరు నిలబడతారో చూస్తే ఆఫీసు మేలు. ఫ్రెషర్‌గా చేరి రెండేళ్లు ఇంట్లోనే గడిపిన 2020 బ్యాచ్ పిల్లల్లో చాలామందికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

మధ్యే మార్గం ఒకటుంది. దాన్నీ లియాంగ్, బ్లూమ్‌లే పరీక్షించారు, రువోబింగ్ హాన్ అనే ఆర్థికవేత్తతో కలిసి, అదే కంపెనీలో. అప్పటికి దాని పేరు ట్రిప్ డాట్ కామ్. 2021–22లో ఇంజనీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగులు 1,612 మందిని మళ్లీ పుట్టినరోజు సరి, బేసి చూసి విడగొట్టారు. ఒక గుంపుకు బుధ, శుక్రవారాలు ఇల్లు, రెండో గుంపుకు అయిదు రోజులూ ఆఫీసు. ఆరు నెలలు. ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. మేనేజర్లు కానివాళ్లలో, ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో ఆ తగ్గుదల స్పష్టంగా ఉంది. తర్వాతి రెండేళ్ల అప్రైజల్స్‌లో గానీ, ప్రమోషన్లలో గానీ, రాసిన కోడ్ లైన్లలో గానీ తేడా కనిపించలేదు. కోడ్ లైన్లు లెక్కపెట్టడం పనికి కొలత కాదని ఏ ఇంజనీరైనా అంటాడు, నిజమే. అయితే అప్రైజల్స్, ప్రమోషన్లు, లైన్లు మూడూ ఒకే మాట చెబుతున్నప్పుడు కొట్టిపారేయడం కష్టం. 395 మంది మేనేజర్లను ముందే అడిగితే ఈ పద్ధతి ఉత్పాదకతను 2.6 శాతం తగ్గిస్తుందన్నారు. ప్రయోగం అయ్యాక వాళ్లే 1 శాతం పెంచుతుందన్నారు. 2024లో నేచర్ పత్రికలో ఇది వచ్చింది.

మన దగ్గర ఇలాంటి చీటీ తీసే ఓపిక కంపెనీలకు ఉన్నట్టు కనబడదు. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారంలో అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మంది, ఆ మరుసటి ఏడాది వేరియబుల్ పేని అటెండెన్స్‌కి ముడిపెట్టింది. మిగతా కంపెనీలు తలా ఒక లెక్క పెట్టుకున్నాయి. ఇవన్నీ తప్పుడు నిర్ణయాలే అనడానికి లేదు, చెన్నై అంకెలు చూస్తే ఆఫీసు వైపూ బలమైన వాదన ఉంది. కాకపోతే వేలమంది ఉద్యోగులున్న కంపెనీకి ఒక విభాగంలో సరి, బేసి పుట్టినరోజులతో ఆరు నెలలు చూడటానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. బ్యాడ్జ్ స్వైప్ రికార్డు మాత్రం పనిని కొలవదు, గేటు దాటడాన్ని కొలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ మరో వైపు నుంచి వస్తోంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. ఇంటితో పాటు కో-వర్కింగ్ కేంద్రాలు, ఇంటి చుట్టుపక్కలే ఉండే పని కేంద్రాలు కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఉత్పాదకత కాదు, అసలు ఉద్యోగంలోకి ఎంతమంది వస్తారన్నది. దీని మీద కూడా ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థినులు పని చేశారు: స్టాన్‌ఫర్డ్‌లో చదివిన సుహానీ జలోటా, ఎంఐటీలో చదివిన లీసా హో. ముంబైలో పెళ్లయిన ఆడవాళ్లకు స్మార్ట్‌ఫోన్ మీద చేసే ఒకే రకం పనిని రెండు విధాలుగా ఇచ్చి చూశారు. ఇంట్లో చేసుకోవచ్చంటే 56 శాతం మంది చేరారు. ఆడవాళ్లే ఉండే, పిల్లలను వెంట తెచ్చుకోనిచ్చే, ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఆఫీసుకి రమ్మంటే 27 శాతమే. పశ్చిమ బెంగాల్‌లో చేసిన మరో అధ్యయనంలో మామూలు ఆఫీసు ఉద్యోగానికి 15 శాతం ఒప్పుకుంటే, ఇంట్లో వీలైన వేళల్లో చేసుకోమన్నప్పుడు 48 శాతం ఒప్పుకున్నారు. అలా చేరినవాళ్లు కొన్నాళ్లకు బయటి ఉద్యోగానికి కూడా మిగతావాళ్లకన్నా ఎక్కువ సుముఖంగా ఉన్నారు.

గుంటూరులోనో అనంతపురంలోనో పని కేంద్రం కట్టాలనుకునేవాళ్లు చూడాల్సింది ఆ 56కీ 27కీ మధ్య ఉన్న ఖాళీని. ఆఫీసు వీధి చివర్లోనే ఉంది, దూరం సమస్య కాదు. గడప దాటడమే సమస్య. దాటకుండా ఇంట్లోనే చేస్తే చెన్నైలో లాగా 27 శాతం పని పోతుంది కావచ్చు. దాటాలంటే సగం మంది అసలు రారు. ఒకామె ఆఫీసులో చేసే నూటికి ఇంట్లో డెబ్బై మూడు చేస్తుందనుకుందాం. ఆఫీసు ఒక్కటే దారైతే ఆమె చేసేది డెబ్బై మూడు కాదు, సున్నా.